తీగ చల్లారేదాకా

బ్యూటేన్ డబ్బా మీద బర్నర్ బిగించి మీట తిప్పితే ముందు ఒక్క క్షణం కుళ్ళిన ఉల్లిపాయ లాంటి వాసన వస్తుంది. తర్వాత చిన్న బుస, దాని వెంట నీలి మంట. ఈ రోజు పొద్దున కొత్త డబ్బా బిగించి, ఫ్యాను ఆపి, కిటికీ మూశాను. గాలికి మంట వంగకూడదు, గాలిలోని సూక్ష్మజీవులు గాజు పళ్ళేల్లో పడకూడదు. మూసిన గదిలో చెమట కణతల మీదుగా దిగుతుంటే, ఆ వాసనతో పాటు రూతక్క వచ్చి నా వెనక నిలబడినట్టే అనిపించింది. ఆమె పోయి రెండేళ్ళయింది.

విడవలూరు దాటాక, సముద్రపు గాలికి తలుపు గొళ్ళేలు తుప్పు పట్టే చోట, రెండు గదుల ల్యాబు మాది. రొయ్యల గుంటల నీళ్ళనూ, హేచరీలో అమ్మే రొయ్య పిల్లల తొట్ల నీళ్ళనూ పరీక్షించి, జబ్బు చేసే సూక్ష్మజీవులు ఉన్నాయో లేవో చెప్పడం పని. రూతమ్మ గారు దానికి పెద్ద. బుచ్చిరెడ్డిపాలెం నుంచి రోజూ స్కూటరు మీద వచ్చేది. ఇరవై ఆరేళ్ళప్పుడు నేను ఆమె దగ్గర చేరాను. అంతకు ముందు రొయ్యల ఫ్యాక్టరీలో మంచునీళ్ళలో చేతులు పెట్టి తలలు తీసేదాన్ని. చదువు ఇంటరుతో ఆగింది గానీ, శాఖా గ్రంథాలయంలో సైన్సు బీరువా మొత్తం నేనే చదివానని నాకు గర్వంగా ఉండేది. మొదటి రోజు రూతక్క అడిగింది: "ఈడ పనేందో తెలుసా మే?"

"తెలుసు మేడం. సూక్ష్మజీవశాస్త్రం."

"అబ్బో. అయితే ముందు పొయ్యి చేతులు కడుక్కో. ఆ శాస్త్రం ఆణ్ణించే మొదలు. ఇంకోటి, మేడం వద్దు. అక్కా అను చాలు."

పనిలో ముఖ్యమైన పరికరం ఒక సన్నని తీగ. దాని కొసన ఆవగింజంత ఉంగరం. ఆ ఉంగరాన్ని మంటలో ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి, నీళ్ళ నమూనాలో ముంచి, సూక్ష్మజీవులు పెరగడానికి వాటికి మేతగా పచ్చని జిగురు పోసిన గాజు పళ్ళెం మీద గీతలు గీస్తాం. సూక్ష్మజీవులు ఉంటే ఒక రోజుకు ఆ గీతల మీద చుక్కలు లేస్తాయి. లేకపోతే పళ్ళెం తేటగా ఉంటుంది. తీగ చల్లారేటప్పుడు రూతక్క పెదవులు మెల్లగా కదిలేవి. ప్రార్థన అనుకున్నాను. ఆదివారం చర్చి మానని మనిషి, అది సహజమే అనిపించింది. నాకు ప్రార్థన అవసరం కనిపించలేదు. ఎర్రగా కాలిన లోహం మీద ఏ జీవీ బతకదని నేను పుస్తకంలో చదివాను. ఎంత వేడి ఉంటే అంత శుభ్రమని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

రైతులు గుంటల్లో రొయ్య పిల్లలను వదిలే రోజులవి. నమూనాల సీసాలు బల్ల మీద పట్టక నేల మీద వరుస కట్టాయి. వాటిలో ఒకటి రైతు పెంచలయ్య అన్న తెచ్చిన సీసా, అతను కొనబోయే పిల్లల తొట్టి నీళ్ళు. అంతకు ముందు రెండు పంటలు జబ్బుతో పోయాయి. ఇదీ పోతే గుంట వదిలేసి జువ్వలదిన్నె రేవుకు వెళ్ళి చేపల కూలికి పరాయి పడవ ఎక్కాల్సిందేనని సీసా ఇస్తూ చెప్పాడు. నేను తొందరలో తీగ కాల్చి, ఆగకుండా ముంచాను. చుయ్యిమంది. ఆ చప్పుడు విని కూడా గీతలు గీసేశాను. మర్నాడు పళ్ళెం తేటగా ఉంది. నేను రిపోర్టు రాశాను, పనుల మధ్య రూతక్క సంతకం పెట్టింది, పెంచలయ్య అన్నకు ఫోనులో బాగుందని చెప్పేశాం.

ఆ మరుసటి పొద్దున పాత పళ్ళేలు తీసేస్తూ రూతక్క ఒకదాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. చాలాసేపు దించలేదు.

"ఇది ఎవరిది మే?"

"పెంచలయ్య అన్నది."

"ఈ మొదటి గీత చూడు. జిగురు కరిగి గాడి పడింది. కాలే తీగ పెట్టినావా?"

అవునని తలూపాను.

"నీళ్ళు మంచివని కాదు మే. చూసేలోపల నువ్వు దాంట్లో ఉండేటివన్నీ చంపేసినావు."

ఫోను రెండుసార్లు చేశాం, ఎత్తలేదు. ఆమె బర్నర్‌నీ తీగనీ రెండు కొత్త పళ్ళేలనూ సంచిలో పెట్టి స్కూటరు తీసింది. నేను వెనక కూర్చున్నాను. హేచరీకి చేరేసరికి పెంచలయ్య అన్న వ్యాను వెనక తలుపు తీసి ఉంది. పిల్లల సంచుల్లోకి ఆక్సిజన్ ఎక్కిస్తున్నారు.

"పెంచలయ్యా, ఆపించు. మా రిపోర్టు తప్పు."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. "ఏందక్కా, నిన్న బాగుందంటివి, ఈ పొద్దు తప్పంటివి. రేపేమంటావో అది కూడా ఇప్పుడే చెప్పు, రాసిపెట్టుకుంటా."

"రేపు ఈ టయానికి చెప్తా. ఒక్క రోజు ఆగు. తప్పు నాది."

పిల్లలమ్మే పెద్దమనిషి ముఖం గంటు పెట్టుకున్నాడు. అందరూ చూస్తుండగా ఆమె అక్కడి గదిలో ఫ్యాను ఆపించి, మా చిన్న నీలి మంట వెలిగించింది. తీగ కాల్చింది. పెదవులు కదిలాయి. ఈసారి చుయ్యిమనలేదు. మర్నాడు ఆ పళ్ళెం నిండా ముదురు పచ్చ చుక్కలు, లెక్కకు అందనన్ని. పెంచలయ్య అన్న ఆ పిల్లలను కొనలేదు. వేరే చోటి నుంచి తెచ్చుకున్నాడు, ఆ పంట నిలబడింది. ఆ హేచరీ మాత్రం మాకు మళ్ళీ నమూనాలు పంపలేదు. మా ల్యాబు యజమాని రూతక్కను గదిలోకి పిలిచి తలుపు వేసుకున్నాడు. ఆమె నా పేరు చెప్పలేదని ఆయన మరుసటి రోజు నాతో మామూలుగా మాట్లాడటం చూసి తెలుసుకున్నాను.

"నేను చేసిన దానికి మీరెందుకక్కా మాట పడాలి?" అని అడిగాను.

"సంతకం నాది కదా మే. అది సరే, నువ్వు చదివిన పుస్తకంలో చల్లార్చమని లేదా?"

ఆ సాయంత్రం గ్రంథాలయానికి వెళ్ళి ఆ పుస్తకం తీశాను. ఉంది. నేను చదివిన పేజీ తిప్పగానే, మొదటి వాక్యమే అది. అప్పట్లో గ్రంథాలయం మూసే వేళయిందని ఆ పేజీ చివర ఆగి, మిగతాది నాకు తెలుసనుకున్నాను. బీరువా మొత్తం చదివానని ఆ తర్వాత ఎవరితోనూ అనలేదు. మర్నాడు రూతక్కకు ఆ సంగతి చెప్తే నవ్వింది. నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి తీగ కాల్చి నా చేతికిచ్చింది.

"నేను ప్రార్థన చేస్తా అనుకున్నావా? మా తమ్ముళ్ళ పేర్లు, చెల్లెళ్ళ పేర్లు. ఎస్తేరు, దానియేలు, కరుణ..." అక్కడ ఒక నిండు ఊపిరి ఆగి, "సమూయేలు, మార్త. ఇప్పుడు ముంచు."

ఆమె ఉన్నన్నేళ్ళూ తీగ చల్లారేదాకా అలాగే పేర్లు లెక్కపెట్టాను. మూడో పేరు తర్వాత ఆగడం ఆమె అలవాటనుకుని, నేనూ ఆగేదాన్ని.

ఆమెను బుచ్చిరెడ్డిపాలెంలో సమాధి చేసిన రోజున ఆ పేర్ల మనుషులను మొదటిసారి చూశాను. పాస్టరు గారు ప్రార్థన ముగించాక నలుగురు దగ్గరకొచ్చి, ఎవరమ్మా నువ్వని అడిగారు. చెప్పాను. ఒక్కొక్కరి పేరూ వినగానే పోల్చుకుని, "కరుణ గారు రాలేదా?" అన్నాను.

నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎస్తేరమ్మ గారు నా చెయ్యి పట్టుకుంది.

"కరుణ ఐదేళ్ళప్పుడే పొయ్యిందమ్మా. వాంతులు, బేదులు. ఆ రోజు నీళ్ళు తెచ్చి తాపింది రూతక్కే. అప్పుడు ఆమెకు పదేళ్ళు. నీళ్ళు తేటగానే ఉండినాయి, నేను చూసినాను అని ముసిలిదయ్యేదాకా చెప్తా ఉండింది."

ఇప్పుడు ఆ ల్యాబులో సంతకం నాది. ఈ పొద్దు మొదటి సీసా విడవలూరు రైతుది. తీగ ఎర్రబడింది. మంటలోంచి తీసి పట్టుకున్నాను. ఎస్తేరు, దానియేలు, కరుణ. అక్కడ ఆగాను. చెయ్యి కదపకుండా, నిండు ఊపిరి తీసుకుని, వదిలాను. ఎరుపు పోయి తీగ మామూలు రంగుకు వచ్చింది. కానీ చూపుకు చల్లారినట్టు కనిపిస్తే చాలదు. సమూయేలు, మార్త. అప్పుడు ముంచాను. ఏ చప్పుడూ రాలేదు.