తుఫాను తీరం దాటిందట

మా చిన్నప్పుడు... కార్తీకం వచ్చిందంటే మా ఇంట్లో రేడియో దగ్గర ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. నాన్న లారీ ఎక్కిన రోజు నుంచి దిగే రోజు దాకా మా అవ్వ దాని ముందే కూర్చునేది.

మాది కన్నడ సీమలో దిబ్బూరహళ్ళి పక్కన పల్లె. నాన్న చింతామణి మార్కెట్లో టమోటా ఎత్తుకుని కోస్తాకు లారీ తోలేవాడు. నెల్లూరు, ఒంగోలు, బందరు... ఒక్కోసారి కాకినాడ దాకా.

మా కన్నడ బడిలో మేష్టరు పటం మీద బెత్తం పెట్టి చూపించే కరావళి, అంటే కన్నడ వాళ్ళ కోస్తా, వేరు. మంగళూరు, ఉడుపి, కారవార... అది పరీక్షలో రాయడానికి. ఇంట్లో నేర్చుకున్న కోస్తా వేరు, అది నాన్న నోటి నుంచి వచ్చింది. నెల్లూరులో గాలి ఒంటికి జిగటగా అంటుకుంటుందని, ఒంగోల్లో కూర నోట్లో పెడితే చెవులు గుయ్యిమంటాయని, బందర్లో చేపలమ్మే ఆడవాళ్ళ కేకల ముందు తన లారీ హారన్ ఎందుకూ పనికిరాదని చెప్పేవాడు. సగం కోతలే. అయినా నోరు తెరుచుకుని వినేదాన్ని. సముద్రం మొహం చూడని నాకు ఆ ఊళ్ళన్నీ మేనమామల ఊళ్ళంత దగ్గరైపోయాయి.

రేడియో మాత్రం అవే పేర్లను వేరే గొంతుతో చదివేది... బంగాళాఖాతంలో అల్పపీడనం అని మొదలుపెట్టేది. తర్వాత వాయుగుండం. ఆ తర్వాత ఓడరేవుల పేర్లు, వాటి పక్కన ప్రమాద సూచికల నంబర్లు. నాన్న నవ్వుతూ చెప్పిన ఊళ్ళే... ఒక్కొక్కటిగా, చావు కబురు చెప్పినట్టు. నంబరు పెరిగేకొద్దీ అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

ఆ ఏడు నాన్న నెల్లూరు బయలుదేరిన మర్నాడే ఆకాశం మూసుకుపోయింది. మా దగ్గర వాన కూడా సరిగ్గా పడలేదు, ఉత్త తుంపర. గాలి లేదు... కాకి కూడా అరవలేదు. అమ్మ పట్టుపురుగులకు వేసే మల్బరీ ఆకును గుడ్డతో తుడిచి తుడిచి ఆరబెడుతోంది. తడి ఆకు వేస్తే పురుగులు జబ్బు పడతాయి.

ఎక్కడున్నా నాన్న ఊళ్ళో అంగడికి ఫోన్ చేసి కబురు చెప్పేవాడు. ఈసారి చేయలేదు.

"ఇప్పుడు యాడుండాడో ఏమో..." అంది అమ్మ, ఆకు తుడుస్తూనే.

"రవ్వంత సేపు ఊరికే ఉండమ్మా, వార్తలు వస్తాండాయి" అంది అవ్వ.

ఆ మధ్యాహ్నం వార్తల్లో చెప్పారు... తుఫాను నెల్లూరు దగ్గర తీరం దాటిందని.

అవ్వ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. "దాటేసిండాదంట! ఇంక మనోడికి భయం లేదు. పాయసం చెయ్యమ్మా!"

మాకు దాటడమంటే అదే మరి. బస్సు పేరేసంద్ర దాటిందంటే వెళ్ళిపోయినట్టే. గండం దాటిందంటే బతికిపోయినట్టే. తుఫాను మాత్రం ఇంకోలా దాటుతుందని ఎవరనుకుంటారు? అమ్మ ఏడుస్తూ నవ్వుతూ పొయ్యి రాజేసింది. నాన్నకని ఒక గిన్నెలో తీసి మూతపెట్టింది. కడుపునిండా తిన్నాం. అవ్వ రేడియో కట్టేసి, కాళ్ళు చాపుకుని కునుకు తీసింది. ఆ రాత్రి అందరం ఒళ్ళు తెలియకుండా పడుకున్నాం.

పొద్దున్నే చింతామణి నుంచి ఓబులప్ప మామ వచ్చాడు. ఆయనా నాన్నలాగే లారీ డ్రైవరు. గడప దగ్గరే నిలబడిపోయాడు.

"ఏమన్నా తెలిసిందా అమ్మా?"

"ఇంకేం తెలియాలప్పా? నిన్ననే దాటిపోయిండాది కదా!" అంది అవ్వ.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "పోయిండేది కాదమ్మా... తీరం దాటిందంటే సముద్రంలో నుంచి నేల మీదికి ఎక్కిండాదని. నెల్లూరు మీదనే పడిండాది."

అవ్వ పోయి కట్టేసిన రేడియో మళ్ళీ పెట్టింది. అమ్మ లోపలికి వెళ్ళి, మూతపెట్టిన గిన్నె తీసుకెళ్ళి పెరట్లో పారబోసింది. ఆ తర్వాత రెండు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగిన గుర్తు నాకు లేదు. వీధిలో ఎవరి చెప్పుల చప్పుడు వినిపించినా భయంతో బిగుసుకుపోయేవాళ్ళం.

మూడో రోజు నాన్న వచ్చాడు. ఎవరిదో చొక్కా వేసుకుని, కాళ్ళకు చెప్పుల్లేకుండా బస్సు దిగాడు. అరచేతుల్లో తోలు ఊడిపోయి ఉంది. వాగు పొంగి లారీని రోడ్డు మీది నుంచి తోసేసిందట. తుఫాను తీరం దాటిన ఆ మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా సరుకుకు కట్టిన తాడు పట్టుకుని లారీ పైన వేలాడాడట. అవ్వ ఆ చేతులకు వెన్న రాస్తుంటే చెప్పాడు.

"వదిలేద్దామనిపించినాదమ్మా. అప్పుడనుకొంటి... మీరంతా అన్నం గూడా తినకుండా, దీపం పెట్టుకోని నాకోసరం కూర్చోనుంటారు కదా అని. మీరు అట్ల కూర్చోనుంటే నేనెట్ల వదిలేసేది? అందుకే పట్టుకోనుంటిని."

అవ్వ చెయ్యి ఆగిపోయింది. నేను పాయసం సంగతి చెప్పబోతే అవ్వ తొడపాశం పెట్టింది.

నాన్న పోయేదాకా ఆ కథ వచ్చిన చుట్టాలందరికీ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ మా ఉపవాసం పెరిగేది. ఒకసారి అన్నం మానేశామనేవాడు, ఇంకోసారి మంచినీళ్ళు కూడా ముట్టలేదనేవాడు. మేము ముగ్గురం నేల చూపులు చూసేవాళ్ళం. అవ్వ కూడా ఆ నిజం ఎవరికీ చెప్పకుండానే కన్నుమూసింది.

ఇప్పుడు రోజులు మారాయి... ఫోన్లో తుఫాను రంగుల చక్రంలా తిరుగుతూ కనిపిస్తుంది. ఏ ఊరి మీదికి ఎప్పుడొస్తుందో, మనవాళ్ళ లారీ ఏ మలుపులో ఉందో అన్నీ తెలిసిపోతాయి. మాలా పొరపాటు పడే అవసరమే లేదు. మంచిదే.

కోస్తాలో ఇప్పుడు మావాళ్ళంటూ ఎవరూ లేరు. అయినా తుఫాను అన్న మాట వినిపిస్తే చాలు, అమ్మ అన్నం ముట్టదు. దీపం పెట్టుకుని కూర్చుంటుంది... తుఫాను పూర్తిగా పోయిందని నేను మూడుసార్లు చెబితే గానీ లేవదు.

మీ ఇంట్లోనూ ఏదో ఒక ఊరి పేరు వింటే ఇట్లా కూర్చుండిపోయేవాళ్ళు ఉన్నారా? ఏ ఊరది... చెప్పండి.