మూత తీస్తే ఊపిరి ఆపాలి

నేను హుకుంపేటలో లెక్కలు చెప్పే రోజుల్లో మా సైన్సు మాస్టారి దగ్గర ఊరగాయ సీసాలో ఒక నీలం రాయి ఉండేది. ఏదో పాత రాగి గనిలో గోడ మీద నీళ్లు కారి, ఆరి, దానంతట అది కట్టిన స్ఫటికం. అలా సహజంగా దొరకడం చాలా అరుదని ఆయన గర్వం, తడి తగిలితే కరిగిపోతుందని ఆయన భయం. మా కొండల్లో వాన లేకపోతే మంచు. అందుకని సీసా అడుగున బియ్యం పోసి ఉంచేవారు. మూత తీసే ముందు చెయ్యి పైకెత్తి "ఊపిరి బిగబట్టండి" అనేవారు. ముందు తనే బుగ్గలు ఉబ్బించి చూపేవారు. తనిఖీకి వచ్చిన అధికారికైనా మినహాయింపు లేదు.

ఒకరోజు గూడెం కొత్తవీధి నుంచి ఒక కాఫీ రైతు, కూతురి చదువు గురించి అడగడానికి వచ్చాడు. మాస్టారు ఊపిరి బిగబట్టి మూత తీశారు. రైతు తొంగి చూశాడు.

"ఇది మైలుతుత్తం కదేటి మాస్టారూ? మా మిరియాల పాదులకి సున్నంలో కలిపి కొడతన్నాం. ఇంట్లో మూటుంది, బేగి పంపిత్తాను."

మాస్టారు జవాబు చెప్పాలి. కానీ మూత తెరిచి ఉంది. ముఖం ఎర్రబడింది, తర్వాత చెవులు. మూత బిగించాక గానీ ఊపిరి వదల్లేదు.

"మీది ఫ్యాక్టరీలో చేసిందయ్యా. ఇది ఎవరూ చెయ్యకుండా తనంతట తాను పుట్టింది."

"మా పాదుల తెగులూ అంతే మాస్టారూ. అది పోడానికే ఇది కొడతన్నాం."

మూత బిగించే ఉన్నా, నవ్వు బయటికి రాకుండా నేను ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది.