విజిల్ ఊదింది మావాడే

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఎంత పచ్చి అబద్ధాన్నయినా లెటర్‌హెడ్ మీదికెక్కించి కింద ముద్ర కొడితే అది వివరణ అయిపోతుందని. జర్నలిజంలో డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం మాత్రం రాని కాలమది. (నిజం ఎలా రాయాలో మా కాలేజీలో మూడేళ్లు నేర్పారు. దాన్ని ఎవరు కొంటారన్నది సిలబస్‌లో లేదు.) ఖాళీగా ఉన్న నన్ను మా మామ తన ఫుట్‌బాల్ క్లబ్బుకి మీడియా ఇన్‌ఛార్జిని చేశాడు. మామకి బళేపేటలో కుళాయిలూ బోల్టులూ అమ్మే షాపు, కె.ఆర్.పురంలో పదిహేనుమంది కుర్రాళ్ల టీము ఉండేవి. రెండింటికీ ఆయనే మేనేజరు. టీవీలో విదేశీ లీగులు వచ్చినప్పుడు మ్యాచ్ నడుస్తుంటే కునుకు తీసి, మ్యాచ్ అయ్యాక మేనేజర్లు మైకు ముందుకొచ్చే వేళకి లేచి కూర్చునేవాడు. అలా ఆయన నేర్చుకున్న విద్య రెండు ముక్కలు. ఓడితే గడ్డి బాగాలేదు. మనవాడు ఎవడినైనా తంతే నేను చూడలేదు. షాపులో ఈ చివర కూర్చుని ఆ చివర డబ్బాలో ఒక వాషరు తగ్గితే పసిగట్టే మనిషికి, గ్రౌండులో పదడుగుల దూరంలో సొంత ఆటగాడి మోచెయ్యి ఏనాడూ కనిపించలేదు.

మా ఫార్వర్డ్‌ని అందరూ చిన్నపాస్టరు అనేవాళ్లం, పెనాల్టీ కొట్టే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తాడని. జిగణిలో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. ఆ ఫ్యాక్టరీకి సొంత టీము ఉంది. వచ్చే నెల సెలక్షన్‌లో నెగ్గితే అతన్ని పర్మనెంట్ చేస్తామన్నారు. షరతు ఒక్కటే, సెలక్షన్ రోజుకి లీగులో అతని మీద నిషేధం ఉండకూడదు. తండ్రి లేడు. తల్లి ప్రకాశం జిల్లా నుంచి వచ్చి ఇక్కడ నర్సుగా చేస్తోంది. ఆ ఉద్యోగం మీద ఆ ఇంటికి ఎంత ఆశ ఉందో మా అందరికీ తెలుసు. తెలిసే మేం చేసినవి చేశాం.

జరిగింది చిన్నదే. మేం ఒక గోల్ ముందున్నాం, ఆట ఇంకా ఎనిమిది నిమిషాలుంది, అవతలివాళ్లు మా గోల్ మీద పడి కొడుతున్నారు. ఆ తోపులాటలో రిఫరీ కిందపడ్డాడు, చేతిలోని విజిల్ ఎగిరి గడ్డిలో పడింది. మా చిన్నపాస్టరు దాన్ని తీశాడు. తీసి, నోట్లో పెట్టుకుని, మూడుసార్లు పొడుగ్గా ఊదాడు. ఆట అయిపోయిందనుకుని అవతలి డిఫెండర్లిద్దరు చొక్కాలు విప్పేశారు. వాళ్ల గోల్‌కీపరు నీళ్ల సీసా ఎత్తాడు. మావాళ్లు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. రిఫరీ లేచి జేబులు తడుముకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత ఆడింది ఫుట్‌బాల్ కాదు కాబట్టి దాని వివరాలు అనవసరం.

అప్పటికే ఒక యూట్యూబ్ ఛానెలాయన మామ ముందు ఫోను పట్టాడు. (నడివయసు మనిషి, మా లీగుకున్న ఏకైక మీడియా.) "నేను చూడలేదప్పా, షూ లేసు కట్టుకుంటాంటి" అన్నాడు మామ. ఆయన కాళ్లకున్న హవాయి చెప్పులు వీడియోలో స్పష్టంగా పడ్డాయి. మర్నాడు ఆ మాట సవరించి, విజిల్ మోగింది పక్క గ్రౌండులో అన్నాడు. పక్కన ఉన్నది కల్యాణ మంటపం. మూడోరోజు కోపమొచ్చి, "రిఫరీ అయినోడు విజిల్ జాగ్రత్తగా పెట్టుకోవాల. మావోడు కాకపోతే ఇంకోడు ఊదుతాండె" అన్నాడు. ఒకే ఊపులో నేరం ఒప్పుకోవడం, రిఫరీని తిట్టడం రెండూ అయిపోయాయి. లీగు క్రమశిక్షణ కమిటీ నోటీసు పంపింది. సోమవారం విచారణ. సీజనంతా నిషేధం పడొచ్చని చెప్పుకున్నారు.

అప్పుడు నా డిగ్రీకి పని పడింది. ఒక రాత్రీ పగలూ కూర్చుని ఇంగ్లీషులో ఒక ప్రకటన తయారుచేశాను. తెలుగులో చెప్పాలంటే దాని సారాంశం ఇది: ఆటగాడు తీవ్రంగా ఆయాసపడుతున్న సమయంలో సదరు విజిల్ అతని నోటి పరిసరాల్లో ఉన్నందున, సహజమైన శ్వాసక్రియలో భాగంగా శబ్దం వెలువడి ఉండవచ్చును. మామ దాన్ని రెండుసార్లు చదివించుకుని, బాగుండాది, నాకే నమ్మకం కలుగుతాండాది అన్నాడు. చిన్నపాస్టరుని పిలిపించాం. కాగితం కింద సంతకం పెట్టమంటే, అన్నా నాకు ఆయాసం లేదు కదా అని మెల్లగా గొణిగాడు. ఇది సాహిత్యం, నువ్వు సంతకం పెట్టు అన్నాను. పెట్టాడు. ఆ సాయంత్రం వాళ్లమ్మ నాకు ఫోన్ చేసింది. "మా వాడికి ఆయాసం ఎప్పుడొచ్చింది బాబూ? పాతికేళ్ల నుంచి నర్సుని, ఇంట్లో రోగం నాకే తెలియలేదు" అంది. కొన్ని రోగాలు కాగితం మీద మాత్రమే వస్తాయని ఆవిడకి చెప్పలేక, డస్ట్ అలర్జీ అమ్మా అన్నాను. అయితే ఆదివారం మా చర్చికి రండి, విచారణ గురించి ప్రార్థన చేయిద్దాం అంది.

మామకి ఈ ఆలోచన మహా నచ్చింది. ఆ చర్చి ఆరాధన యూట్యూబ్‌లో లైవ్ వస్తుంది. రెండొందల మంది మనవాడి కోసం ప్రార్థించడం కమిటీ చైర్మన్ కంట్లో పడితే మనసు కరుగుతుందని ఆయన లెక్క. లింకు లీగు వాట్సాప్ గ్రూపులో ఆయనే స్వయంగా పెట్టాడు. మేమిద్దరం బొట్టు పెట్టుకునే, రెండో వరుసలో ఎంతో వినయంగా కూర్చున్నాం. మాకు తెలియనిది ఒక్కటే. ఆ చర్చిలో ప్రార్థన అడిగినవాళ్లు ఊరికే అడిగి కూర్చోరు, ముందు లేచి సాక్ష్యం చెప్పాలి. జరిగింది జరిగినట్టు, అందరి ముందు. పాస్టరుగారు పిలిచారు, చిన్నపాస్టరు మైకు దగ్గరికి వెళ్లాడు. ఆయాసం సంగతి రెండు ముక్కల్లో చెప్పి దిగిరమ్మని నేను కళ్లతోనే సైగ చేశాను. అతను నన్ను చూసి, వాళ్లమ్మని చూసి, తల దించుకున్నాడు.

"విజిల్ నేనే ఊదాను. రిఫరీ సారుకి ఇచ్చేద్దామనే తీశాను, తీశాక స్కోరు గుర్తొచ్చింది. నాకు ఆయాసం లేదు. మామ నాకోసం రెండు అబద్ధాలు చెప్పారు, అన్న ఇంకోటి మంచి ఇంగ్లీషులో రాశారు. నా కోసమే చేశారు. వాళ్లిద్దరూ ఇక్కడే ఉన్నారు, వాళ్ల కోసం కూడా ప్రార్థన చేయండి."

చేశారు. రెండొందల మంది కళ్లు మూసుకుని, చేతులెత్తి, మా ఇద్దరి అబద్ధపు నోళ్లను గురించి దేవుడికి ఎంతో ఆప్యాయంగా విన్నవించారు. నా జీవితంలో నా రచన గురించి అంతమంది ఒకేసారి స్పందించడం అదే మొదలు, అదే చివర. మామ నా చెవి దగ్గరికి వంగి, "అందరూ కండ్లు మూసుకోనుండారు, మెల్లగా లేచిపోదామా" అన్నాడు. కెమెరా మూసుకోలేదు మామా అన్నాను.

సోమవారం విచారణ ఒక బడిలో, ఐదో తరగతి గదిలో జరిగింది. చైర్మన్ రిటైరైన హెడ్‌మాస్టరు. చిన్న బెంచీల్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం. వాట్సాప్‌లో వచ్చిన లింకు చూశానని చెప్పి, ఆయన నా ప్రకటన పూర్తిగా పైకి చదివి, ఇది ఎవరు రాశారని అడిగాడు. లేచి నిలబడ్డాను. ఏం చదివావంటే జర్నలిజమన్నాను. ఓహో అని కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో ఇప్పటికీ అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను. తర్వాత తీర్పు చెప్పాడు. ఒప్పుకున్నందుకు ఆటగాడికి మూడు మ్యాచుల నిషేధమే. సెలక్షన్ నాటికి అది తీరిపోతుంది. సీజనంతా పడాల్సిన శిక్ష మాత్రం మామకి పడింది. గ్రౌండులోకి రాకూడదు, మీడియాతో మాట్లాడకూడదు. మొదటిది విని మామ నిబ్బరంగానే ఉన్నాడు, రెండోది విన్నాకే మొహం వాడిపోయింది. వెనక చిన్నపాస్టరు వాళ్లమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. చిన్నపాస్టరు రిఫరీ దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకున్నాడు.

బయట గేటు దగ్గర ఛానెలాయన ఫోనెత్తి సిద్ధంగా ఉన్నాడు. మామ అలవాటుగా గొంతు సవరించుకుని, తీర్పు గుర్తొచ్చి ఆగి, నన్ను ముందుకి తోశాడు. "నువ్వు చెప్పప్పా." వచ్చే దారిలో నేను రెండు పేజీల ప్రకటన మనసులో సిద్ధం చేసుకున్నాను, అందులో 'దురదృష్టవశాత్తు' అన్నది నాలుగుచోట్ల ఉంది. అవతల చిన్నపాస్టరు తల్లిని స్కూటర్ ఎక్కిస్తూ ఇటు చూస్తున్నాడు. మేం తప్పు చేశాం అన్నాను. ఛానెలాయన ఫోను అలాగే పట్టుకుని, ఇంకా చెప్పండన్నాడు. అంతేనన్నాను. ఆయన కాసేపు ఎదురుచూసి, పాపం, ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆ వీడియో ఎక్కడా రాలేదు.

చిన్నపాస్టరు మరుసటి నెల సెలక్షన్‌లో నెగ్గి పర్మనెంటయ్యాడు. నేనూ ఆ తర్వాత స్థిరపడ్డాను. ఒక పెద్ద కంపెనీలో, ఏదైనా జరిగినప్పుడు బయటికి చెప్పాల్సిన మాటలు రాయడం నా పని. లెటర్‌హెడ్ మంచిది, ఇంగ్లీషు ఇంకా మంచిదయింది. పైవాళ్లు నా డ్రాఫ్టులు బాగా మెచ్చుకుంటారు. ఆ బడి గేటు దగ్గర ఫోను ముందు నిలబడ్డ కుర్రాడు మాత్రం ఒకే ఒక్కసారి, మూడే మూడు మాటల్లో పని ముగించాడు. అంత చిన్న ప్రకటన నాచేత మళ్లీ ఎవరూ రాయించుకోలేదు.