కెప్టెన్ సార్ యాంకర్ వాచ్

మా పైపోర్షన్‌లో కిరాయికుండే కెప్టెన్ సార్ మొన్న దవాఖానలో పోయారు. ఆ కబురు విని మా శంషాబాద్ గల్లీ అంతా బాధపడింది, ఒక్కడు తప్ప. వాడు ఊపిరి పీల్చుకున్నాడు. ఇది మీ కోసమే రాస్తున్నాను గానీ, వాడి చెవిన పడితే నాకు ఇంకా సంతోషం.

వాడు మా ఎదురు షట్టర్‌లో ఆఫీసు పెట్టిన ఏజెంటు. ఓడల మీదికి మనుషులను పంపడం వాడి పని. సార్‌ని కూడా వాడే పంపాడు. ఆ ఓడ యజమాని దివాలా తీసి, ఎక్కడో పరాయి రేవు బయట ఓడను లంగరు మీదే వదిలేశాడు. "దాన్ని అబాండన్‌మెంట్ అంటారమ్మా. మనుషులతో సహా ఓడను పారేయడం" అని సార్ చెప్పేవారు. ఓడలో వంటమనిషికి జ్వరమొచ్చింది. సార్ ఏజెంటుకు ఫోన్ మీద ఫోన్ చేశారు. వాడు ఎత్తలేదు. వంటమనిషి సార్ చేతుల్లోనే పోయాడు. అతని భార్యకు మాత్రం ఏజెంటు, కెప్టెన్ తనకసలు ఫోనే చేయలేదని చెప్పాడు.

వైజాగ్‌లో సొంతిల్లు ఉండగా ఈ విమానాల మోత కింద కిరాయికి ఎందుకని నేనొకసారి అడిగాను. సార్ గేటు ముందు నీలం కుర్చీలో కూర్చుని షట్టర్ చూపించారు.

"లంగరు వేస్తే పని అయిపోయినట్టు కాదమ్మా. ఓడ జారిపోతోందేమోనని, ఒడ్డున ఒక గుర్తు పెట్టుకుని దాన్నే చూస్తుండాలి. అది యాంకర్ వాచ్. నా గుర్తు అదిగో."

తిట్టలేదు, కొట్టలేదు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, స్టీలు గ్లాసులో చాయ్, రోజూ అదే చూపు. మధ్యలో సామాన్లతో కుంగిన ఆటో పోతే "డ్రాఫ్ట్ ఎక్కువైంది" అని నవ్వేవారు. ఓడ నీళ్లలోకి ఎంత లోతు దిగిందో చెప్పే మాటట అది.

ఒకనాడు ఏజెంటు రోడ్డు దాటి వచ్చాడు. "ఏం కావాలె సార్ మీకు? జర చెప్పుండ్రి, గిట్ల పరేషాన్ చేస్తే ఎట్ల?"

"ఆ వంటమనిషి భార్య దగ్గరికి వెళ్లి, ఫోన్ ఎత్తనిది నేనేనని చెప్పండి. మర్నాడే కుర్చీ తీసేస్తాను."

వాడు ఆవిడ దగ్గరికి పోలేదు. నేనైతే వాడి నెత్తిన పేడనీళ్లు కుమ్మరించేదాన్ని. సార్ వద్దన్నారు. "కోపాన్ని ఒక్కసారే ఖర్చుపెట్టేయకూడదమ్మా" అన్నారు. ఆయన నేర్పిన వాటిలో నాకు కష్టంగా వంటబట్టింది అదే.

వాచ్ అంటే కాపలా. అది దిగేవాడు, తర్వాతివాడు నోటితో ఒప్పుకునేదాకా కదలకూడదట. దవాఖానలో ఆయాసపడుతూనే అడిగారు.

"వాచ్‌లో ఎవరున్నారమ్మా?"

"నేనున్న సార్. మీరు పండుకోండి ఇగ."

అప్పుడు కళ్లు మూసుకున్నారు.

ఈ రోజు పొద్దున ఏజెంటు ఈల వేసుకుంటూ షట్టర్ ఎత్తి ఇటు తిరిగాడు. నీలం కుర్చీలో నేనున్నాను, చేతిలో సార్ స్టీలు గ్లాసు. ఈల ఆగిపోయింది. షట్టర్ మెల్లగా సగం దాకా దిగింది. కింద వాడి చెప్పులు మాత్రం కనబడుతున్నాయి. నేను వాటినే చూస్తూ చాయ్ తాగుతున్నాను.