ఉప్పునీళ్ల మీద లేచిన కొబ్బరికాయ

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇది రాస్తున్న ఈ నిమిషాన కూడా నమ్మడం లేదు. జహీరాబాద్ దగ్గర ఒక కర్మాగారంలో కొలత పరికరాలను సరిచూడటం నా ఉద్యోగం. మైక్రోమీటరు మిల్లీమీటరులో వందో వంతు తేడా చూపిస్తే దాన్ని పక్కన పెట్టిస్తాను. ఏ కొలతనైనా మూడుసార్లు తీస్తే గాని కాగితం మీద పెట్టను. కింద రాసినదాన్ని కూడా మూడుసార్లు తీశాను. నా బాధంతా అదే.

కోహీర్ వైపు మాకు ఎకరన్నర మెట్ట ఉంది. అందులో నూట అరవై జామ మొక్కలు పెట్టాం. ట్యాంకరు నీళ్లతో చలికాలం గట్టెక్కాయి గాని, ఎండలు ముదిరితే బతకవు. బోరు వేయాలి. బోరు బండి మా వైపు ఒక సోమవారం వస్తుందనీ, ఒక్క బోరు వేసి కర్ణాటక వైపు వెళ్లిపోతుందనీ, మళ్లీ వానలు పోయాకే తిరిగొస్తుందనీ చెప్పారు. అంటే మాకున్నది ఒకే అవకాశం.

ఎక్కడ వేయాలన్నదే తగువు. నేను భూమిలోకి కరెంటు పంపి రాతి పొరలను కొలిచే సర్వే చేయించాను. వాళ్లు చూపిన చోట ఎర్ర రంగు పూసిన రాయి పెట్టాను. నా భార్య సుజాత మా ఇంటి ఓనరు శివప్పగారిని చేనుకు తీసుకొచ్చింది. న్యాల్‌కల్ చుట్టుపక్కల ఎన్నో బోర్లకు చోటు చూపించిన మనిషి ఆయన. కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని, పీచును వేళ్ల వైపు ఉంచి, చేనంతా నడుస్తారు. కింద నీళ్లుంటే కాయ లేచి నిలబడుతుందట. మా చేలో అది నిలబడిన చోట వేపకర్ర పాతారు. నా రాయికీ ఆయన కర్రకూ మధ్య దూరం పద్నాలుగు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. టేపు పెట్టి నేనే కొలిచాను.

కాయ ఎందుకు లేస్తుందో నాకు తెలుసు. మన ప్రమేయం లేకుండానే చేతి కండరాలు స్వల్పంగా కదులుతాయి. మనసు కోరుకున్న వైపే కదులుతాయి. ఈ సంగతి సుజాతకు బొమ్మ గీసి వివరించాను.

"బొమ్మ బాగుందండీ" అంది.

బోరు బండి రావడానికి వారం ముందు, మూడు రోజుల కోసం కొచ్చిలో ఉన్న మా బావమరిది ఇంటికి బయల్దేరాం. డెబ్భై ఏళ్లొచ్చినా సముద్రం చూడలేదని సుజాత శివప్పగారిని కూడా రమ్మంది. ఆయన సంచిలో రెండు పంచెలు, ఒక తువ్వాలు, ఒక కొబ్బరికాయ ఉన్నాయి. కేరళకు కొబ్బరికాయ మోసుకెళ్తున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

"అక్కడ దొరకవా?" అని అడిగాను.

"దొరుకుతయ్ సారు. కని ఆ కాయలకు నా చెయ్యి ఎర్కలేదు గద."

కొచ్చిని నీళ్ల మీది నుంచే చూడాలి. ఊరు ముక్కలై దీవుల మీద పరుచుకుని ఉంటుంది. మనం బస్సు ఎక్కినట్టు అక్కడివాళ్లు బోటు ఎక్కుతారు. మొదటి రోజు ఎర్నాకుళం జెట్టీ నుంచి ఫోర్ట్ కొచ్చికి, అక్కడి నుంచి స్కూటర్లనూ లారీలనూ ఎక్కించుకునే పంటు మీద వైపిన్‌కు, మళ్లీ వెనక్కి తిరిగాం. ఒడ్డున పెద్ద వలలు వంగి లేస్తున్నాయి. బోటులో ఉద్యోగస్తులు కునుకు తీస్తున్నారు. శివప్పగారు కిటికీ పక్కన కూర్చుని అరచేతిలో కాయ పెట్టుకున్నారు. నాలుగు ప్రయాణాల్లో అది ఒక్కసారి కూడా కదలలేదు.

ఊరుకుందామనుకున్నాను, నా వల్ల కాలేదు. "ఏం శివప్పగారూ, కింద ఇన్ని నీళ్లున్నాయి. కాయ పడుకునే ఉందేం?"

"గివి నీళ్లా సారు? నోట్ల పోస్కుంటే ఉమ్మేస్తరు. చేనుకు పెడితే చేను సస్తది. నా కాయకు గంత తెల్వదా?"

"ఆయన్ని సముద్రం చూడనివ్వండి" అంది సుజాత.

ఓటమిని ఒప్పుకోవడానికి వీల్లేకుండా కట్టిన సిద్ధాంతంతో వాదించలేం. నేను వలలు చూశాను.

రెండో రోజు మట్టాంచేరికి వెళ్లే బోటు ఎక్కాం. ఉదయం పదకొండు గంటల పదిహేడు నిమిషాలకు, రెండు ఒడ్లకూ మధ్యన, కాయ లేచింది. ముందు పీచు నిక్కింది, తరవాత కాయ మొత్తం నిటారుగా నిలిచింది. తొమ్మిది సెకన్ల పాటు నిలిచి మళ్లీ పడుకుంది. ఎదురు బెంచీ మీది ఆవిడ తన చేపల గంపను నెమ్మదిగా అవతలికి జరుపుకుంది.

"ఈడ మంచినీళ్లున్నయ్ బిడ్డా" అన్నారాయన సుజాతతో.

"సముద్రంలోనా బాబాయ్?"

"నాకేమెర్క. కాయ జెప్తున్నది."

నేను ఫోనులో ఆ చోటును గుర్తు పెట్టాను. తిరుగు ప్రయాణంలో ఆయన తువ్వాలుతోనే ఆయన కళ్లకు గంతలు కట్టాను. కాయ మళ్లీ లేచింది. మొదటి గుర్తుకు పదకొండు మీటర్ల దూరం. నా ఫోను పొరపాటే దాదాపు అంత ఉంటుంది. జెట్టీలో దిగకుండా, అదే బోటులో మళ్లీ మట్టాంచేరి వైపు వెళ్లాం. ఈసారి కాయ నేను పట్టుకున్నాను. మోచేతిని బెంచీకి అదిమిపెట్టి, అది లేవకూడదని గట్టిగా కోరుకుంటూ కూర్చున్నాను. లేచింది. లోపలి నుంచి ఎవరో వేలితో ఎత్తినట్టు లేచింది.

"ఇప్పుడు గీయండి బొమ్మ" అంది సుజాత.

టికెట్లు చూసే ఉద్యోగి మమ్మల్ని రెండు ప్రయాణాల నుంచి గమనిస్తున్నాడు. శివప్పగారు జహీరాబాద్ ఉర్దూలో, అతను విరిగిన హిందీలో మాట్లాడుకున్నారు. అతను నవ్వి రెండు ఒడ్ల మీదా ఉన్న బోర్డులు చూపించాడు. అక్కడ లంగరు వేయకూడదని వాటి మీద రాసి ఉంది. దీవిలోని ఇళ్లకు మంచినీళ్లు తీసుకెళ్లే పైపు ఆ నీటి అడుగున పడుకుని ఉందట.

ఫోనులోని పటం మీద ఆ రెండు బోర్డులనూ కలిపి గీత గీశాను. మా మూడు గుర్తులూ ఆ గీత మీదా, దాని పక్కనా పడ్డాయి.

కారణం దొరికిందని పొంగిపోయాను. ఆ పొంగు జెట్టీ దాకా నిలిచింది. కింద ఏముందో తెలిసింది గాని, అది ఉందని కాయకు ఎలా తెలిసిందన్నది అలాగే మిగిలింది. శివప్పగారు ఆ బోర్డులు చదివారనుకుందామా అంటే, మలయాళమూ ఇంగ్లీషూ ఆయనకు రావు. పైగా రెండోసారి కళ్లకు గంతలున్నాయి. ఇంజను అదురుకు లేచిందా అంటే, ఆ అదురు దారి పొడుగునా ఒకేలా ఉంది. ఇక మూడోసారి కాయ పట్టుకున్న నాకు ఆ బోర్డుల సంగతే తెలియదు.

ఇంటికి తిరిగొచ్చాక, ఆదివారం తెల్లవారగానే కాయ అరువడిగి ఒంటరిగా చేనుకు వెళ్లాను. రాయి దగ్గర కదలలేదు. కర్ర దగ్గరా కదలలేదు. తిరిగొచ్చి ఆ మాటే చెప్పాను.

శివప్పగారు కాయను తీసుకుని తువ్వాలుతో తుడిచారు. "కాయకు ఇంకా మీ మీద నమ్మకం కుదర్లే సారు. ఫికర్ జెయ్యకున్రి."

సోమవారం బోరు బండి వచ్చింది. డ్రైవరు కిందికి దిగి రాయినీ కర్రనూ మార్చి మార్చి చూశాడు. "ఏడ పెట్టమంటరు సార్? జర జల్ది జెప్పున్రి."

సుజాత అంచులు మాడిన జామ ఆకులను చూస్తూ నిలబడింది. నేను ఇరవై రెండేళ్లుగా కొలతలు తీస్తున్న మనిషిని. సర్వే కాగితం నా జేబులోనే ఉంది. నేను కర్ర వైపు చెయ్యి చూపించాను. కచ్చితంగా చెప్పాలంటే, నేను ఇంకా తేల్చుకోకముందే చెయ్యి అటు లేచింది.

రెండు వందల అరవై అడుగుల దాకా తెల్లటి దుమ్ము. ఆ తరవాత దుమ్ము తడిసింది. రెండు వందల తొంభై దగ్గర నీళ్లు ఎగజిమ్మాయి. ఆ వేసవిలో నాలుగు మొక్కలు పోయాయి. నూట యాభై ఆరు బతికాయి.

దీనివల్ల ఏమీ రుజువు కాదని నాకు తెలుసు. రాయి దగ్గర తవ్వి చూడనిదే లెక్క సగంలో ఉన్నట్టే. అక్కడా నీళ్లు పడితే ఇదంతా కాకతాళీయం. పడకపోతే ఏమనుకోవాలో నాకు తెలియదు.

వానలు పోయాక అదే డ్రైవరు ఫోన్ చేశాడు. "మీ దిక్కే వస్తున్న సార్. ఆ ఎర్ర రాయి కాడ గూడ ఒకటి ఏద్దామా?"

ఒక్క పూట పని. తేలిపోయేది.

వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఇవాళ్టికీ చెప్పలేను.