తారు అంచుకూ కాలువ గోడకూ మధ్య

కరోనా సద్దుమణిగాక వచ్చిన వేసవిలో నన్ను పుంగనూరు సబ్ డివిజన్‌కు డి.ఈ.గా వేశారు. డి.ఈ. అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. రోడ్ల శాఖలో కింద సెక్షన్లు చూసుకునే ఏ.ఈ.లు ఉంటారు, పైన మదనపల్లెలో డివిజన్ మొత్తానికీ బాధ్యులైన ఈ.ఈ. గారు ఉంటారు, రెండు వైపుల నుంచీ మాట పడడానికి మధ్యలో డి.ఈ. ఉంటుంది. కుప్పంలో ఏ.ఈ.గా ఉద్యోగం మొదలుపెట్టిన నాకు రిటైర్మెంటు దగ్గరపడ్డాక దొరికిన ఈ పోస్టింగు ప్రశాంతంగా గడిచిపోతుందనుకున్నాను. చేరిన వారంలోనే సోమల వైపు రోడ్డు మీదున్న ఒక పల్లె తగాదా నా బల్ల మీదికి వచ్చింది. ఆ పల్లె పేరు రాస్తే ఇప్పటికీ నొచ్చుకునేవాళ్ళు రెండు ఆఫీసుల్లోనూ ఉన్నారు, అందుకని రాయను.

ఆ రోడ్డు ఒకప్పుడు పంచాయతీది. బండ్ల రాకపోకలు పెరిగాక రాష్ట్రం తీసుకుంది. ఊరి బయటి రోడ్డు మాదేనని కాగితాల మీద స్పష్టంగా ఉంది. ఊళ్ళోంచి పోయే ముక్క సంగతి మాత్రం ఎవరూ తేల్చి రాయలేదు. ఊరి నీళ్ళు నిలవడం వల్లే రోడ్డు పాడవుతోంది కాబట్టి మరమ్మతు ఖర్చు పంచాయతీయే పెట్టుకోవాలని మా శాఖ వాదన. లారీల మీద పన్ను రాష్ట్రానికి పోతుంటే, వాటి చక్రాలు తవ్విన గుంతలకు ఇంటిపన్ను సొమ్ము ఎందుకు పెట్టాలని పంచాయతీ వాదన. ఒకరిది తప్పని తేలితే ఒక్కరోజులో ముగిసే వ్యవహారం. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉండడంతో ఏళ్ళ తరబడి సాగింది.

ఊళ్ళోవాళ్ళకు మాత్రం ఇది పాల వ్యాను సమస్య. వానల మీద ఆధారపడిన మెట్ట పొలాలవి. వేరుశనక్కాయ చేతికి రాని ఏడు ఇల్లు గడిపేవి ఆవులే. గుంతల్లో క్యాన్లు ఒరిగిపోతున్నాయని వ్యాను అప్పటికే ఊళ్ళోకి రావడం మానేసి ఊరి మొదట్లో ఆగుతోంది. ఆడవాళ్ళు క్యాన్లు మోసుకుని అక్కడిదాకా నడుస్తున్నారు. వానల్లోగా రోడ్డు బాగుపడకపోతే ఆ ఊరిని రూటులోంచే తీసేస్తామని డెయిరీవాళ్ళు చెప్పేశారు.

సర్పంచ్ రెడ్డెమ్మ మా ఆఫీసుకు వచ్చింది. ఆమెకూ ఆవులున్నాయి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"రోడ్డు ఎవురిదో మాకు పన్లేదు మేడం. వ్యాను రాకుంటే మేం ఆవుల్ని సంతకు తోలాల్సిందే. మీరు గుంతలు యాల పూడ్సరు?"

శాఖ ఇచ్చే జవాబే నేనూ ఇచ్చాను.

"ఈ మాట మీ కన్నా ముందుండిన సారు గూడా సెప్పినాడు. ఆయప్ప బదిలీ అయి పోయినాడు. గుంత ఆడనే ఉండాది."

నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. ఆమె నవ్వలేదు.

ఇలాంటి తగాదాల్లో జాయింట్ ఇన్‌స్పెక్షన్ అని ఒకటి ఉంటుంది. రెండు పక్షాలూ కలిసి రోడ్డు మీద నడిచి, చూసింది రాసి సంతకాలు చేస్తాయి. ఆ ఊళ్ళో అదివరకే పలుమార్లు జరిగింది. అన్నీ ఎండ కాసే రోజుల్లోనే, సంతకాల తర్వాత టీ, బిస్కెట్లతో సహా. నాకు కుప్పంలో పనిచేసేటప్పుడు పట్టుకున్న అలవాటొకటుంది: వాన పడుతుండగా రోడ్డు చూడడం. ఎండలో గుంత ఎక్కడుందో కనిపిస్తుంది, ఎందుకు పడిందో వానలోనే కనిపిస్తుంది. ఈసారి తొలి వానలోనే ఇన్‌స్పెక్షన్ పెడతానని ఈ.ఈ. గారికి ఫోన్ చేశాను. గొడుగుల ఖర్చు మాత్రం శాఖ మీద వెయ్యొద్దని ఎగతాళి చేసి, సరేనన్నారు.

తొలి వాన పడగానే నేనూ, మా ఏ.ఈ., రెడ్డెమ్మ, పంచాయతీ కార్యదర్శీ ఆ రోడ్డు మీద నిలబడ్డాం. రోడ్డు నడుమ కొంచెం ఎత్తుగా, రెండు వైపులకూ వాలుగా ఉంటుంది. నీళ్ళు ఆ వాలులో చక్కగా జారి తారు అంచు దాటుతున్నాయి. దాటాక వెళ్ళడానికి దారి లేదు. పంచాయతీ కట్టిన సిమెంటు కాలువ గోడ రోడ్డు కంటే ఎత్తుగా ఉంది. తారు అంచుకూ గోడకూ మధ్యనున్న మట్టి పట్టీని మేము బెర్ము అంటాం. నీళ్ళన్నీ అందులో నిలిచి తారు కిందికి ఇంకుతున్నాయి. మెత్తబడిన అంచు మీదికి చక్రం ఎక్కితే పెళ్ళ ఊడొస్తుంది. రోడ్డు గురించీ కాలువ గురించీ అన్నేళ్ళు కొట్లాడారు. మా ఎస్టిమేటు తారు అంచు దగ్గర ఆగేది, వాళ్ళది గోడ దగ్గర మొదలయ్యేది. మధ్యలోని పట్టీ ఎవరి లెక్కలోనూ లేదు.

గోడకు అక్కడక్కడ కంతలు పెడితే నీళ్ళు కాలువలో పడతాయని కార్యదర్శి అన్నాడు. ఆ మాట పూర్తికాకముందే, కాలువ అవతలి ఇంట్లోంచి గోనెసంచి నెత్తిన కప్పుకుని మునెప్ప అనే పెద్దాయన వచ్చాడు.

"గోడ మీద సెయ్యేస్తే ఊరుకోను. తారు మీద తారు ఏసి రోడ్డును ఎత్తు సేసింది మీరు. నీళ్ళు మా ఇంట్లోకి వస్తాంటే పంచాయతీతో కొట్లాడి ఈ గోడ కట్టించుకున్నా."

ఆయన మాటలో అబద్ధం లేదు. రోడ్డు రెన్యువల్ చేసిన ప్రతిసారీ పాత తారు మీద కొత్త పొర వేస్తాం. రోడ్డు లేస్తుంది, పక్కన ఇల్లు ఉన్నచోటే ఉంటుంది. ఇంటిని కాపాడడానికి కట్టిన గోడే రోడ్డును తినేస్తోంది. ఇంత చిన్న సంగతి కోసం రెండు ఆఫీసులు ఇన్నేళ్ళు ఉత్తరాలు రాసుకున్నాయా అని నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటను చల్లార్చింది రెడ్డెమ్మే. "మామా, నీ కొట్టంలో గూడా ఆవులుండాయి గదా. ముందు కాలవ తోడిస్తాం. నీళ్ళు ఊరి కింద వంకదాకా పారేది నువ్వు సూసినాంకనే గోడ జోలికి వస్తాం."

"నేను సూసినాంకనే," అని నొక్కి, మునెప్ప ఆమె చేత ఒకటికి రెండుసార్లు మాట తీసుకున్నాడు.

పూడిక తీయడం పంచాయతీ పని. బెర్ము మీద గ్రావెల్ పోసి కాలువ వైపు వాలు ఇవ్వడం, గుంతలు పూడ్చడం మా పని. అంతవరకు రోజువారీ నిర్వహణ కిందికే వస్తుంది. అయినా, గ్రావెల్ పోస్తే రోడ్డు మాదేనని ఒప్పుకున్నట్టు కాదా అని ఈ.ఈ. గారికి సందేహం వచ్చింది. సహజమే, తగాదాలో ఉన్నదాని మీద చెయ్యి వేస్తే రేపు ఆడిటుకు జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. ‘ఎవరి వాదనకూ భంగం లేకుండా’ అన్న మాట ఇన్‌స్పెక్షన్ నోటులో చేర్చి పంపాను. సర్కారు భాషలో నాకు ఇష్టమైన మాటలు తక్కువ, వాటిలో ఇదొకటి. ఆయన సంతకం పెట్టారు.

కాలువ తోడాక ట్యాంకరుతో నీళ్ళు వదిలాం. మునెప్ప ఆ నీళ్ళ వెంబడే కాలువ గట్టున వంకదాకా నడిచివెళ్ళాడు. తిరిగొచ్చి, కంతలు ఎక్కడెక్కడ పెట్టాలో తనే కట్టెతో చూపించాడు. "నా వాకిలి కాడ మాత్రం వద్దు," అన్నాడు. అక్కడ వదిలేసి కాస్త దిగువన పెట్టాం. బెర్ముకు గ్రావెల్ పోసి, గుంతలు పూడ్చాం.

తర్వాత గట్టి వాన కురిసింది. నేను బయల్దేరుతుండగానే రెడ్డెమ్మ ఫోన్ వచ్చింది.

"మేడం, వ్యాను ఊళ్ళో పాల సెంటరు కాడికే వచ్చి నిలబడుండాది. క్యాన్లు ఎక్కిస్తాండారు. రోడ్డు ఎవురిదో మీ ఫైల్లో తేలిందా?"

ఇంకా లేదన్నాను.

"తేలినప్పుడు తేలనీలెండి," అంది. ఆ గొంతులో నవ్వు విన్నది అదే మొదటిసారి. నాకూ చాలా సంతోషమేసింది. అయినా బయల్దేరి వెళ్ళి, బెర్ము మీద నడిచి చూసుకున్నాకే నమ్మాను.

ఫైలు కూడా తేలింది. జిల్లా సమీక్షలో తారూ బెర్మూ మా శాఖకు, కాలువ పంచాయతీకి అని పంచారు. ఏళ్ళ తగాదా కదా, పెద్ద వాదనే జరుగుతుందని సిద్ధపడి వెళ్ళాను. ఎవరూ గొంతు పెంచలేదు. ఏటా నిధులు మింగే రోడ్డును నెత్తిన వేసుకోవడానికి అదివరకు ఇద్దరూ భయపడ్డారు. నీళ్ళు నిలవని రోడ్డు ఎవరి పేరు మీదున్నా ఖర్చు కొద్దిగానే ఉంటుందని ఆ వానాకాలంలో ఇద్దరూ చూశారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఊళ్ళోంచి పోయే ఏ రోడ్డుకు ఎస్టిమేటు వేసినా, మొదటి పని కింద బెర్మునే రాయించాను. నిధులు ఎవరివన్న తగాదాలో ముందు చూడాల్సింది నీళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో. ఆ సంగతి తెలిశాక, రోడ్డు తమదని ఒప్పుకోవడానికి మనుషులు అంతగా వెనకాడరు.