ఎనిమిది అంకె చుట్టూ గిట్టనివాళ్లు

పద్మనాభంలో ఉదయం ఆరూ ఇరవైకి బయల్దేరాల్సిన బస్సు ఆరూ నలభైకి కదిలింది. డ్రైవరు టీ తాగుతున్నాడు. పోయిన నెలా ఇంతే. విశాఖలో స్కూటరు లైసెన్సు పరీక్షకు వెళ్లే ఆడవాళ్లు నా మాట విని దీనికి ముందు బస్సు ఎక్కండి.

నాకిది నాలుగోసారి. ఎనిమిది అంకెలా ప్లాస్టిక్ కోన్లు పేర్చిన దారిలో కాలు నేలకు ఆనకుండా, కోను పడకుండా బండి తిప్పాలి. మూడుసార్లూ మొదటి మలుపులోనే భయపడి కాలు దించేశాను. మా పాలకేంద్రంలో నాలుగూళ్లు తిరిగే సూపర్‌వైజరు పని నాకే ఇస్తామన్నారు, సోమవారంలోగా పాసైన కాగితం చూపిస్తేనే. ఇవాళ శుక్రవారం.

వెనక సీట్లోంచి మా వీధి సింహాచలం అందుకున్నాడు. రోజూ టౌన్లో పనికి వెళ్తాడు, రోజూ ఎవరో ఒకరి పరువు తీస్తాడు.

"ఏటి వదినా, మళ్లీ పరీచ్చకేనా? పాసవ్వకులే, నెలకోపాలి బీచ్ సూసినట్టుంటాది!"

బస్సంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో గుర్తుపెట్టుకున్నాను.

ఎనిమిదింపావుకి మద్దిలపాలెంలో దిగాను. స్టాపు పక్క హోటల్లో ఇడ్లీ బాగుంది. చట్నీ రెండోసారి అడిగితే సర్వరు గుర్రుగా చూశాడు. అక్కడ తినకండి. షేర్ ఆటోలో పక్కన కూర్చున్నది జాలరిపేట నూకాలమ్మ. చేపలమ్ముకోడానికి సొంత ఆటో నడపాలని ఆమె కూడా పరీక్షకే వస్తోంది.

"నాను ఐదుపాల్లు పోనాను సెల్లీ," అంది, ఐదు బహుమతులొచ్చినట్టు.

"సిగ్గనిపించదా?"

"సిగ్గేటి? మా పేటలో పిల్లలు తెప్ప నేర్సుకున్నప్పుడు ఒక్కో అలకీ గిట్టనోళ్ల పేరెడతారు. 'మా మేనత్తొచ్చింది, ఎక్కి తొక్కెయ్' అంటారు. నీళ్లలో పడ్డా నవ్వుకుంటానే లేస్తారు. నువ్వూ ఆ కోన్లకి పేర్లెట్టు. తగిల్తే ఆడు పడతాడు. కాలు దించితే మాత్రం ఆడికి దండవెట్టినట్టే."

ఈ వయసులో పిల్లలాటలేమిటని ముఖం తిప్పుకున్నాను. కానీ గ్రౌండులో క్యూ రెండు గంటలు. నీడ లేదు, కుర్చీ లేదు. తోచక పేర్లు పెట్టాను. కోన్లేమో పన్నెండే, జాబితా కుదించడానికే చెమటలు పట్టాయి. మొదటి మలుపు సింహాచలానికిచ్చాను. రెండోది, నా పెళ్లి విందులో నాకు విరిగిన అప్పడం వేసిన ఆడపడుచుకి. ఇడ్లీ సర్వరుకి చివర్లో చోటు దొరికింది.

పదకొండున్నరకి పిలిచారు. "మళ్లీ మీరేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆయన్ని సర్వరు కోనులోనే సర్దాను.

మొదటి మలుపులో అద్దె స్కూటీ ఊగింది. కాలు దిగబోయింది. సింహాచలానికి దండమా! ఆ తలపుకే నవ్వొచ్చింది. "జరుగు మరిదీ," అని పైకే అనేసి బండి తిప్పాను. ఆడపడుచుని జానెడు దూరంలో వదిలేశాను. మిగతావాళ్లంతా వరసగా వెనక్కి పోయారు. కాలు దిగలేదు.

పాస్.

నూకాలమ్మ ఆరోసారీ పోయింది. రివర్సులో రెండు కోన్లు పడ్డాయి. "మా పెద్దకోడల్నీ, ఆటోస్టాండు పెసిడెంటునీ గుద్దీసినాను!" అని తనకు తనే చప్పట్లు కొట్టుకుంది. తర్వాత బీచ్‌లో మరమరాల మురీ మిక్చరు కూడా తనే కొనిపెట్టింది, పాసైన నన్ను ఓదారుస్తున్నట్టు.

సాయంత్రం బస్సులో సింహాచలం మళ్లీ తగిలాడు. కాగితం చూపించాను. రెండుసార్లు చదివి, "సోమారం బస్సుదాకా నన్ను కూడా బండెక్కించుకో వదినా," అన్నాడు. ఆలోచిస్తానన్నాను.

పని దక్కినట్టే, సంతోషమే. కానీ నా పన్నెండు కోన్లూ నిటారుగా నిలబడే ఉన్నాయి. నూకాలమ్మకున్న తృప్తి నాకు లేదు. ఒక్క సింహాచలాన్నైనా పడగొట్టాల్సింది.